పరీల దర్బారులో మా నాయినమ్మ

శ్రీహరన్న దినకర్మ అయిన మర్నాడు అతని కూతురు ఒక పొడుగు నోటుబుక్కు తెచ్చి నా ఒడిలో పెట్టింది. "అత్తా, బాపు బీరువల దొరికింది. లోపట నీ రాత గూడ ఉన్నది, జర చూడు" అంది. శ్రీహరన్న మా పెదనాన్న కొడుకు, నాకంటే ఐదేళ్లు పెద్ద. అట్ట మీద నీలిసిరాతో, గుండ్రటి అక్షరాలతో ‘పరిస్తాన్ చట్టాలు’ అని రాసి ఉంది. అవి అన్న అక్షరాలని ఇన్నేళ్ల తర్వాత కూడా చూడగానే గుర్తుపట్టాను. ఇదేం పుస్తకం అని ఆ పిల్ల అడిగితే, ఏదో చిన్నప్పటి ఆట అని మాట దాటేశాను. పుస్తకం తెరవలేదు. పక్కగదిలో అన్న మనవరాలు, దినకర్మకు వచ్చిన చుట్టాల పిల్లలు కలిసి అలాంటి ఆటే ఆడుతున్నారు. ఎనిమిది ముఖాలవి, ఇరవై ముఖాలవి, రంగురంగుల పాచికలు బల్ల మీద దొర్లుతున్నాయి. ఒకడి వీరుడు ఎవరో పరీ చేతిలో చచ్చిపోయాడు. ఆ పిల్లవాడు పగలబడి నవ్వి, ఇంకో కాగితం తీసుకుని ఇంకో వీరుణ్ణి రాసుకోవడం మొదలుపెట్టాడు. నేను ఆ నవ్వు వింటూ మంచం మీద బిగుసుకుని కూర్చున్నాను.

మాది కాశిబుగ్గలో నేతవాళ్ల గల్లీ. ముందరి గదిలో రెండు గుంట మగ్గాలు, వెనక వంటిల్లు, ఆ వెనక అందరం పడుకునే పొడుగు గది. బాపూ అమ్మా తెల్లారగట్ల మగ్గం గుంటలో కాళ్లు పెడితే దీపాలు పెట్టే వేళకు తీసేవాళ్లు. నేసేది షత్రంజీలు, పెళ్లిపందిళ్లలో జనం కూర్చునే దళసరి చారల షత్రంజీలు. ఇల్లంతా ఉడికిన గంజి వాసన, రంగునీళ్ల పుల్లటి వాసన. నూలు దుమ్ము జడల్లోనూ అన్నంలోనూ కూడా ఉండేది. పిల్లల పని కండెలు చుట్టడం. బడి నుంచి రాగానే రాట్నం ముందు కూర్చుని, పేకకు, అంటే అడ్డపోగుకు, కావలసిన నూలును చిన్న చిన్న కండెలకు చుట్టి బుట్ట నింపాలి. బుట్ట నిండితేనే లేవాలి, నిండిందంటే లేవాల్సిందే, ఎందుకంటే అమ్మ ఆ బుట్ట కోసమే చెయ్యి చాచుకుని ఉండేది.

ఇంటి పెత్తనం నాయినమ్మది. చూపు మందగించి మగ్గం దిగిపోయినా, పడుగులో తెగిన పోగు ఎక్కడుందో వేళ్లతో తడిమి చెప్పేది. ఆమె మాట ఎంత మొండిదంటే, ఎదురింటి ఎల్లవ్వతో ఒకసారి నల్లా దగ్గర నీళ్ల కోసం తగాదా పడి, నీ ఇంటి కడప తొక్కను అనేసింది. ఏడాది తిరక్కుండానే ఇద్దరూ కలిసిపోయారు, ఈ ఇంటి కూర ఆ ఇంటికి పోయేది. అయినా ఎల్లవ్వ కూతురి పెళ్లినాడు నాయినమ్మ గల్లీలోనే నిలబడి, పెళ్లికూతుర్ని బయటికి పిలిపించుకుని అక్షింతలు వేసింది. కోపం పోయింది కదా అత్తా అని అమ్మ అంటే, కోపం పోయింది గానీ అన్న మాట ఎక్కడికి పోతుంది అన్నదట. మేం ఆ సంగతి చెప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లం.

శ్రీహరన్న అప్పుడు ఇంజనీరింగు చదువుతూ హాస్టల్లో ఉండేవాడు. అక్కడ బొంబాయి నుంచి వచ్చిన స్నేహితుడి దగ్గర విదేశీ ఆట పుస్తకం ఒకటి ఉండేదట. దానికి పటం లేదు, గళ్లు లేవు. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్లు ఆ కథలో మనుషులవుతారు. తలుపు తెరుస్తావా, పారిపోతావా అని కథ చెప్పేవాళ్లు అడుగుతారు, నువ్వు చెప్పాలి. గెలిచావో ఓడావో పాచికలు తేలుస్తాయి. ఆ పుస్తకంలో సన్నటి రెక్కల మనుషుల రాజ్యం గురించి ఉన్నదాన్ని అన్న తన మాటల్లో తెలుగులో రాసుకొచ్చాడు. వాళ్లకు పరీలు అని, వాళ్ల రాజ్యానికి పరిస్తాన్ అని పేరు పెట్టాడు, ఎందుకంటే మా గల్లీ చివర దర్జీ సాయిబు చెప్పే కథల్లో పరీలు మాకు ముందే తెలుసు. ఎండాకాలపు దర్బారు ఒకటి, చలికాలపు దర్బారు ఒకటి. అక్కడ నీ అసలు పేరు చెప్పకూడదు. పరీలు మోసం చేస్తారు గానీ ఇచ్చిన మాట తప్పలేరు. అన్నిటికంటే పెద్ద చట్టం, ఆ దర్బారులో పెట్టింది తిన్నవాళ్లు తిరిగి ఇంటికి రాలేరు.

ఇరవై ముఖాల పాచిక మాకెక్కడిది, నాయినమ్మ పచ్చీసు ఆటలోని ఏడు గవ్వలు తెచ్చుకున్నాం. నాలుగుకు తగ్గకుండా వెల్లకిలా పడితే గెలుపు. ఈ ఆట మా కోసమే పుట్టిందనిపించేది, ఎందుకంటే చేతులు కండెల మీద ఉన్నా నోటితో ఆడొచ్చు. గవ్వలు వెయ్యడానికి మాత్రం రాట్నం ఒక్క క్షణం ఆగేది. ఆ చప్పుడు ఆగిందని వంటింట్లోంచి నాయినమ్మ దగ్గేది. బుట్ట నిండిన దగ్గర ఆ పూటకు ఆట ఆగిపోయేది, కథ ఎంత మధ్యలో ఉన్నా సరే.

పరీక్షలొచ్చి శ్రీహరన్న రావడం మానేశాక పుస్తకం నా చేతికొచ్చింది. నాకు పద్నాలుగు, చెల్లెలు శోభకు తొమ్మిది. కథ చెప్పేది నేను, ఆడేది శోభ. అసలు పేరు చెప్పకూడదు కాబట్టి తనకు తాను మిరపకాయ అని పేరు పెట్టుకుంది. దానికి గవ్వలు ఎట్లా పడేవో ఏమో, ఐదు, ఆరు, ఐదు. మూడు ద్వారాలు దాటింది, కాపలా పరీని మాటలతో బోల్తా కొట్టించింది. ఇంట్లో కూడా అందరికీ అదే ముద్దు, ఆటలో కూడా అదే గెలుపు. నాకు కడుపులో మండింది. ఒక్కసారైనా దాని ముఖంలో భయం చూడాలనిపించింది, ఇప్పుడు దాచి లాభం లేదు. ఆ రోజు మిరపకాయ చలికాలపు రాణి విందులో కూర్చుని ఉంది. పుస్తకంలో లేని చట్టం ఒకటి నేనే కల్పించాను. పరీలు ఊరికే తినమంటే ఎవరూ తినరు కాబట్టి, వాళ్లు నీ వాళ్ల ముఖాలు పెట్టుకుని వస్తారు, అచ్చం మీ అమ్మలాగే వచ్చి, మీ అమ్మ గొంతుతోనే బిడ్డా అని పిలిచి ముద్ద కలిపి పెడతారు అన్నాను. శోభ చేతిలో కండె ఆగిపోయింది. "మరి మా అమ్మ అవునో కాదో ఎట్ల తెలుస్తది?" అంది. "తెలువది" అన్నాను. అప్పుడే బుట్ట నిండింది. అమ్మ పిలిచింది. మిగతాది రేపు అని లేచాను.

మర్నాడు శోభకు జ్వరం. నాలుగో రోజుకు డాక్టరు సాబ్ టైఫాయిడ్ అన్నాడు. ఆ రోజుల్లో టైఫాయిడ్‌కు తిండి విషమనేవాళ్లు. లంఖణం పరమౌషధం అని పెద్దవాళ్లంతా ఒకే మాట. బార్లీ నీళ్లు, గ్లూకోజు నీళ్లు, మాత్రలు, అంతే. మూడు వారాలు ఆ పిల్ల మెతుకు ముట్టకపోతే ఎవరికీ అనుమానం రాలేదు, పైగా ఎంత బుద్ధిగా పథ్యం చేస్తోంది అని మెచ్చుకున్నారు. జ్వరం పూర్తిగా దిగాక పథ్యం పెట్టే రోజు వచ్చింది. అంటే జబ్బు మనిషికి మొదటి అన్నం. అమ్మ తలంటుకుని, మెత్తగా వండిన అన్నం, మిరియాల చారు, బీరకాయ కూర పళ్లెంలో పెట్టి, ముద్ద కలిపి, బిడ్డా నోరు తెరువు అంది. శోభ పళ్లు బిగించి గోడవైపు తిరిగింది.

మొదటి రోజు నోరు చేదు అనుకున్నారు. రెండోరోజు మారాం అనుకున్నారు. మూడోరోజు అమ్మ బలవంతంగా ముద్ద పెడితే అంతా ఊసేసి, దుప్పటి నోట్లో కుక్కుకుంది. నీళ్లు మాత్రం తాగేది. కాళ్లూ చేతులూ పుల్లల్లా అయిపోయి, కళ్లు మాత్రమే పెద్దవిగా కనిపించేవి. గాలి సోకిందని ఎల్లవ్వ అంది. బాపు మగ్గం దిగి గడపలో కూర్చున్నాడు, ఆయన పగటిపూట మగ్గం మీద లేకపోవడం నేను అంతకుముందు చూడలేదు. నాకు అప్పటికే లోపల ఏదో తడుతోంది, కానీ తట్టనివ్వలేదు. మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు దాని పక్కన కూర్చుని, మెల్లగా, ఆట అయిపోయింది శోభా, మిరపకాయ గెలిచింది, ఇంటికొచ్చేసింది అన్నాను. అది నా ముఖాన్ని చాలాసేపు పరీక్షగా చూసింది. "గవ్వలు ఎయ్యలె గదా" అంది. "నువ్వు మా అక్కవు గావు."

ఆ మాట విన్న క్షణం నుంచి నాకు అన్నం సయించలేదు. చెబితే చంపేస్తారు, చెప్పకపోతే అది చచ్చిపోతుంది. ఇంత తేలికైన లెక్క, అయినా ఒక రోజంతా నోరు మెదపలేదు. పిరికిదాన్ని. మర్నాడు డాక్టరు సాబ్ వచ్చి చెయ్యి పట్టుకు చూసి, బాపును బయటికి పిలిచాడు. పొద్దుగూకేలోపు ఏమైనా తింటే సరి, లేకపోతే పెద్ద దవాఖానలో చేర్చి ముక్కులోంచి గొట్టం వేసి పొయ్యాలి, అయినా ఇంత నీరసం మీద ఏమీ చెప్పలేనన్నాడు. మా గల్లీలోంచి ఆ ఏడాది ఆ దవాఖానకు పోయిన పిల్లల్లో ఒకడు తిరిగి రాలేదు. అమ్మ నేల మీద కూలబడింది. బాపు రిక్షా కోసం పరుగెత్తాడు. నేను వంటింట్లోకి పోయి, నాయినమ్మ కాళ్లు పట్టుకుని మొత్తం చెప్పేశాను. రాణి, విందు, ముఖాలు, నా కుళ్లు, అన్నీ.

ఆమె కొడుతుందని కళ్లు మూసుకున్నాను. కొట్టలేదు. "ఆ రాజ్యంల చట్టాలేంటియి? అన్ని చెప్పు, ఒక్కటి గూడ ఇడువకు" అంది. చెప్పాను. మాట తప్పరు అన్న చట్టం దగ్గర నన్ను ఆపి, మళ్లీ చెప్పించుకుంది. ఓడిపోయినవాళ్లకు దారి ఉందా అని అడిగింది. రాణి ఒప్పుకునే ఖరీదు చెల్లిస్తే తలుపు తెరవాలి, కానీ వెండి బంగారాలు పనికిరావు, అది లేకపోతే రోజూ ప్రాణం లాగేది ఏదైనా కావాలి, అని పుస్తకంలో ఉన్నది చెప్పాను. ఆమె గవ్వల సంచి కొంగున కట్టుకుని లేచింది.

శోభ మంచం పక్కన నేల మీద కూర్చుంది, నన్ను ఎదురుగా కూర్చోబెట్టింది. అమ్మ గుమ్మంలో నిలబడి ఇదేం పిచ్చి అని ఏడుస్తుంటే చేత్తో ఆపింది. శోభ అనుమానంగా గోడకు జరిగింది. నాయినమ్మ దాన్ని ముట్టుకోలేదు. "నేను మీ నాయినమ్మనని చెప్త లేను బిడ్డా. పరీనే అనుకో, నమ్మకు. గని నాకు రాణితోని పనున్నది. ఆమె మాట ఇస్తె తప్పది గదా, నువ్వు సాచ్చెం ఉండు" అంది. శోభ కళ్లు మొదటిసారి కదిలాయి. నాయినమ్మ నావైపు తిరిగి, రాణీ, మిరపకాయను తోలుకపోను వచ్చిన అంది. నేను ఏదో గొణిగాను. "గట్టిగ మాట్లాడు. రాణి గట్ల గొణుగుతదా?" అంది. అప్పుడు చెప్పాను, చలికాలపు రాణి గొంతుతో, గవ్వలు వెయ్యమని.

ఆమె ఏడు గవ్వలూ రెండు చేతుల మధ్య గలగలలాడించి వదిలింది. శోభ మోచేతి మీద లేచి తొంగి చూసింది. రెండే వెల్లకిలా పడ్డాయి. మూడో గవ్వను గోటితో తిప్పేద్దామా అని నా వేలు ముందుకు పోయింది, కానీ శోభ చూపు ఆ గవ్వల మీదే ఉంది. బయట రిక్షా గంట వినిపించింది. నాయినమ్మ ముఖంలో మాత్రం మార్పు లేదు. "ఓడిపోయిన. ఖరీదు చెప్పు" అంది. ఆమే కాలి కడియాలు చూపించింది. శోభ తల అడ్డంగా ఊపింది, వెండి చెల్లదు.

ఇక్కడ నాయినమ్మ చాయ గురించి చెప్పాలి. ఆమెకు ఆస్తి అంటూ ఏదైనా ఉంటే అదే. తెల్లారి లేవగానే ఒకటి, మధ్యాహ్నం గంజి దించాక ఒకటి, సాయంత్రం మగ్గాలు ఆగాక ఒకటి. ఇత్తడి గిన్నెలో పొంగించి, సాసరులో పోసుకుని, కళ్లు మూసుకుని తాగేది. ఆ కాసేపు ఇంట్లో ఎవరూ ఆమెను పలకరించకూడదు. తాత పోయిన రోజున కూడా, శవం లేచాక, ముందు చాయ పెట్టు అని అడిగిన మనిషి. ఊళ్లో చాలామంది దానికి ఆడిపోసుకున్నారు, ఆమె లెక్కచెయ్యలేదు.

"కాశికి పోయినోళ్లు ఏం జేస్తరు?" అంది నాయినమ్మ. "పాణమసోంటిది ఒకటి ఆడ ఇడిసిపెట్టి వస్తరు. నేను కాశికి పోలె, పోను గూడ పోను. ఇగ ఈడ ఇడుస్తాన. ఈ పిల్ల తలుపు దాటితె, నేను బతికినన్ని దినాలు చాయ తాగ." గుమ్మంలో అమ్మ ఏడుపు ఆగిపోయింది. నేను శోభ వైపు చూశాను. తొమ్మిదేళ్ల పిల్ల, ఎముకల గూడు, నాయినమ్మ ముఖం చూస్తూ ఆ ఖరీదు తూచింది. అది ఎంత పెద్దదో ఆ ఇంట్లో దానికి తెలియనిది కాదు. తర్వాత నావైపు తిరిగి మెల్లగా తల ఊపింది. "ఒప్పుకున్న. ఇది రాణి మాట" అన్నాను. నా గొంతు రాణిదిలా లేదు, ఏడుపులా ఉంది. "తలుపు తీసిన్రా?" అని అడిగింది శోభ. తీశారు అన్నాను. బాపు రిక్షా అతన్ని వెంటపెట్టుకుని లోపలికి వచ్చేసరికి అది నాయినమ్మ చేతి ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం మరిచిపోయినదానిలా, మెల్లగా నములుతోంది.

శోభ కోలుకుంది. సంగతి తెలిసి శ్రీహరన్న వచ్చి పుస్తకం పట్టుకుపోయాడు, కాల్చేశాడనే అనుకున్నాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, అంటే బాగుండేది. మర్నాడు పొద్దున్నే అమ్మ అలవాటుకొద్దీ ఇత్తడి గిన్నె పొయ్యి మీద పెట్టింది. నాయినమ్మ వచ్చి, నాకు వద్దు అని, పెరటి గోడకు ఆనుకుని ఉత్త చేతులతో కూర్చుంది. నాలుగు రోజులు తలపోటుతో కళ్లు తెరవలేకపోయింది. నెల గడిస్తే మానుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది అనుకున్నాం. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. చుట్టాల ఇళ్లలో చాయ ఇస్తే, పడతలేదు అనేది. ఆ వాసన వచ్చినప్పుడు మాత్రం మాట మధ్యలో ఒక్క క్షణం ఆగేది, నాకు తెలుసు, నేను ఆమె ముఖమే చూస్తుండేదాన్ని.

నోటుబుక్కు నా చేతికొచ్చిన ఆ రోజు సాయంత్రం అన్న మనవరాల్ని అడిగాను, మీ ఆటలో ఎవరికైనా నిజంగా భయమేస్తే ఏం చేస్తారని. మొదలుపెట్టకముందే ఒక్కొక్కరినీ అడుగుతారట, నీకు ఏదంటే భయం, దాన్ని కథలోకి రానివ్వం అని. ఎవరికైనా ఇబ్బందైతే చెయ్యెత్తితే చాలట, ఆట అక్కడే ఆగిపోతుందట. ఎంత మంచి పద్ధతి. ఆ మాట విని నాకు సంతోషమేసింది, వెనువెంటనే అసూయ కూడా వేసింది, ఆ వయసు పిల్లల మీద ఈ వయసులో. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. భయం అంటే ఏమిటో అడిగి తెలుసుకునే తీరిక మా ఇంట్లో ఎవరికుంది? ఆ రోజుల్ని గొప్పవని నేను చెప్పను. కానీ ఆ పిల్లలకు చెయ్యెత్తితే ఆగిపోయే ఆట తెలుసు, నాకు ఆగని మనిషి ఒకామె తెలుసు.

శోభ జ్వరం నుంచి లేచిన ఏడేళ్లకు నాయినమ్మ మంచం పట్టింది. ఇక ఏది ఇష్టమైతే అది పెట్టండి అని డాక్టరు చెప్పాడు. ఆ మధ్యాహ్నం శోభ తనే పొయ్యి దగ్గర కూర్చుని చాయ చేసింది. అప్పటికి ఇంటర్ చదువుతోంది, ఎత్తుగా, దిట్టంగా ఉండేది. సాసరులో పోసి, నోటి దగ్గర పెట్టి, ఆట ఎప్పుడో అయిపోయింది నాయినమ్మా, తాగు అంది. నాయినమ్మ ముక్కుపుటాలు అదిరాయి. ముఖం పక్కకు తిప్పుకుంది. నేను మంచం పట్టె మీద కూర్చుని, ఆ రోజు మాట తీసుకున్న రాణిని నేనే కదా, నేనే మాఫీ చేస్తున్నా అన్నాను. ఆమె చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నా చేతిని పట్టుకుంది.

"నువ్వు కథ చెప్పినవ్ బిడ్డా. మాటిచ్చింది నేను" అంది. శోభ వైపు చూసింది, అప్పటికి చూపు పూర్తిగా పోయిన ఆ కళ్లతోనే. "పిల్ల మంచిగున్నది. ఇప్పుడెందుకు ఆ మాటను కదిలిచ్చుడు?"